ఇల్లు మారిన కంఠము

ఈ పత్రికకు ఏదైనను వ్రాసి యిమ్మని సంపాదకులు మమ్ము ప్రతి సంవత్సరము అడుగుచునే యున్నారు. మేమును ఏదో యొక సాకు చెప్పి తప్పించుకొనుచునే యున్నాము. ఈ మారు వ్రాయుటకు కారణము, మేము చేసిన తప్పొకటి చెప్పుకొనవలసి యుండుటయే. మేమనగా ఇద్దరము. ఒకరము ఈ పాఠశాలలో గణితము చెప్పుదుము. వేరొకరము తెలుగు చెప్పుదుము. సాయంకాలపు గంట కొట్టిన పిమ్మట కంప్యూటరు గది తాళపుచెవి మా యొద్దనే యుండును.

2016వ సంవత్సరము జూను మాసమున ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడు చేరెను. అతడు పుట్టుకతోనే చూపు లేనివాడు. అంతకు పూర్వము అంధవిద్యార్థుల పాఠశాలలో చదివి బ్రెయిలు లిపి చక్కగా నేర్చినవాడు. తల్లి ప్రతిదినమును బస్సులో తీసికొని వచ్చి గుమ్మము కడ విడిచి, సాయంకాలము మరల వచ్చి తీసికొనిపోవుచుండెను. ఒకసారి విన్న పాఠము అతనికి రెండవమారు చెప్ప నక్కర లేకుండెను. కాని పరీక్ష వచ్చినప్పుడు మాత్రము అతడు నోటితో చెప్పుచుండగా, క్రింది తరగతి బాలుడొకడు ప్రక్కన కూర్చుండి వ్రాయవలసినదే. ఇది నిబంధనలు ఒప్పిన పద్ధతియే. వ్రాయువానిని స్క్రైబు అందురు. మా బాలునకు అది యిష్టము లేదు. “నా మాట నేనే వ్రాసుకొంటే తప్పు కూడా నాదే అవుతుంది గదా మాస్టారూ” అని యొకనాడు మాతో ననెను. మేము నవ్వి యూరకొంటిమి గాని, ఆ మాట మనసును విడువలేదు.

మా గదిలో కిటికీ ప్రక్కన ఒక పాత కంప్యూటరుండెను. దానిలో లినక్సు నడచుచుండెను. లినక్సు అనునది యూనిక్సు అను ఆపరేటింగు సిస్టము పోలికతో 1991లో ఆరంభమైనది. దానిని వెల యిచ్చి కొన నక్కరలేదు. మా గదిలోనికి అది వచ్చుటకు అదియే ముఖ్యకారణము. అందులో ఆర్కా అను స్క్రీను రీడరు కలదు. తెరమీద నున్నదానిని ఏరి చెప్పు ప్రోగ్రామునకు స్క్రీను రీడరని పేరు. ఆర్కా చదువవలసిన వాక్యమును మాత్రము అందించును. ఆ వాక్యమును ధ్వనిగా మార్చి పలుకునది ఈస్పీక్ అను వేరొక ప్రోగ్రాము. చూచువాడొకడు, పలుకువాడొకడు అన్నమాట. ఈ రెండును వేరని చదువరులు గుర్తుంచుకొన వేడెదము. ముందు కథ యంతయు దానిమీదనే నిలిచియున్నది.

ఈస్పీక్ గొంతును మొదట విన్న దినమున మాలో తెలుగు చెప్పువారు చెవులు మూసికొనిరి. రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్లుండెను. అది మనుష్యకంఠమును రికార్డు చేసి ముక్కలు కూర్చిన గొంతు కాదు. నోటిలోను గొంతులోను ధ్వని ఎట్లు మ్రోగునో ఆ మ్రోతలను లెక్కగట్టి, అంకెలనుండియే స్వరమును పుట్టించును. అందుచేత దానికి మాధుర్యము లేదు. కాని పెక్కు భాషలతో కూడ అది కొలది మెగాబైట్లలోనే యిమిడియుండును. ఎంత పాత యంత్రముమీదనైనను మీట నొక్కినంతనే బదులు పలుకును. వేగము పెంచినను అక్షరములు ఒకదానిలో నొకటి కలిసిపోవు. మా బాలుడు రెండు మాసములలో ఆ వేగమును ఎంతవరకు పెంచెననగా, మాకు ఒక్క మాటయు తెలియక తేనెటీగల మ్రోతవలె వినబడుచుండగా, అతడు చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని పాఠము విని నవ్వుకొనుచుండెను. ఇన్‌స్క్రిప్టు కీబోర్డుపై తెలుగు వ్రాయుటయు అంతలోనే అలవడెను.

గొంతు పలుకుటలో కొన్ని మాటలు మా చెవికి నప్పలేదు. మా యూరి పేరు, ఉపాధ్యాయుల ఇంటిపేర్లు, పొడి అక్షరములతో కుదించి వ్రాయు పదములు మొదలైనవి అది తనకు తోచినట్లు పలుకుచుండెను. ఇందులకు చికిత్స కలదు. ఈస్పీక్‌లో ప్రతి భాషకును రెండు ఫైళ్లుండును: అక్షరములను పలుకవలసిన సూత్రములు ఒకదానిలోను, సూత్రములకు లొంగని పదములు రెండవదానిలోను వ్రాయబడి యుండును. వ్యాకరణములో సూత్రములును అపవాదములును ఉన్నట్లే. ఇది ఓపెన్ సోర్సు సాఫ్టువేరు గనుక లోపలి వ్రాతను చదువుటకును, మార్చుటకును, మార్చినదానిని పరులకిచ్చుటకును ఎల్లరకును అనుమతి గలదు. మాలో తెలుగువారు ఉచ్చారణ చెప్పగా, గణితమువారు అపవాదముల ఫైలులో ఎక్కించి, యంత్రము గ్రహించు నిఘంటువుగా కూర్చిరి. పదునెనిమిది పదములు. అంత చిన్న పనికి మేము పొందిన గర్వము మాత్రము చిన్నది కాదు.

ఈ గొంతు పుట్టుకను గూర్చి కొంచెము చెప్పవలయును. ఇది యూనిక్సు ఇంటిలో పుట్టినది కాదు. 1995లో ఇంగ్లండునందు జోనథన్ డడ్డింగ్టన్ అనునాయన ఎకార్న్ కంపెనీ కంప్యూటర్లలో నడచు రిస్క్ ఓఎస్ అను ఆపరేటింగు సిస్టముకొరకు స్పీక్ అను పేర దీనిని వ్రాసెను. అప్పుడు అది పలికినది ఇంగ్లీషు మాత్రమే. 2006 ఫిబ్రవరిలో అది లినక్సు ఇంటికి వచ్చి, ఎల్లరకును స్వేచ్ఛగా వాడుకొన వీలగు లైసెన్సుతో వెలువడెను. పిమ్మట పేరు ఈస్పీక్ ఆయెను. 2007 జనవరిలో విండోసులోనికిని ప్రవేశించెను. 2015లో మరికొందరు దానిని కైకొని ఈస్పీక్ ఎన్‌జీ అను పేర కొనసాగించుచున్నారు. ఒక ఆపరేటింగు సిస్టముకై వ్రాసినదానిని వేరొకదానిలో నడచునట్లు మార్చుటను పోర్టింగు అందురు. మొక్కను పెరికి వేరొక నేలలో నాటుట వంటిదని చెప్పవచ్చును. నాటినవారికే తెలియును, ఆకు వాడక మానునా యని.

2018 జూనులో మా పాఠశాలకు దాత యొకరు పది కంప్యూటర్లనిచ్చిరి. అన్నిటను విండోసు 7 ఉండెను. అదే వేసవిలో కిటికీ ప్రక్కనున్న మా పాత యంత్రము ఉరుములకు దెబ్బతిని మరల లేవలేదు. బాలుడప్పుడు పదవ తరగతిలోనికి వచ్చియుండెను.

మా మొదటి యాలోచన ఆర్కానే విండోసులోనికి తేవలయుననుట. అది పైథాన్ భాషలో వ్రాయబడినది. విండోసులోను పైథాన్ నడచును. ఇంకేమి యడ్డమని గణితమువారు అనుకొనిరి. రెండు సాయంకాలములు పోయిన పిమ్మట గాని అడ్డమేదో తెలియలేదు. స్క్రీను రీడరు నిజముగా తెరను చూడదు. తెరమీద నున్న ప్రతి ప్రోగ్రామును “నీవెవరవు? మీటవా, గడివా, పట్టికవా? నీలో ఏమి వ్రాసియున్నది?” అని ప్రశ్నించి, వచ్చిన బదులును చదువును. లినక్సులో ఈ ప్రశ్నోత్తరములు ఏటీ-ఎస్‌పీఐ అను ఏర్పాటు ద్వారా జరుగును. విండోసులో అది లేదు. అక్కడి ఏర్పాట్లు ఎంఎస్‌ఏఏ, యూఐ ఆటోమేషను అనునవి. ఆర్కాను తెచ్చి విండోసులో నిలిపినచో, భాష తెలియని యూరిలో తలుపులు తట్టువానివలె ఏ తలుపు కడను బదులు రాదు. చూచువాడు తన నేలకు కట్టుబడినవాడు. పలుకువాడు అట్లు కాదు. వానికి అక్షరము లిచ్చిన చాలును, ఎక్కడనైనను పలుకును. ధ్వని బయటకు పోవు ద్వారము మాత్రమే మార్చవలసియుండును.

బ్రెయిలు విషయములోను ఇట్టిదే జరిగినదని తరువాత చదివితిమి. లినక్సులో బీఆర్‌ఎల్‌టీటీవై అను ప్రోగ్రాము తెరమీది అక్షరములను బ్రెయిలు చుక్కలుగా వ్రేళ్ల క్రిందికి తెచ్చును. లినక్సు తన అక్షరపు తెరను ఒక ఫైలువలె తెరచి చూపును గనుక అది సాధ్యమాయెను. విండోసులో అట్టి ఫైలు లేదు, వేరు త్రోవ వెదుకవలసి వచ్చెను. అయితే ఆ ప్రోగ్రాములో అక్షరములను చుక్కలుగా మార్చు భాగమును ఆధారముగా గొని 2002 ప్రాంతమున లిబ్‌లూయీ అను వేరొక సాఫ్టువేరును నిర్మించిరి. నిర్మించినవారిలో ముఖ్యుడు జాన్ బోయర్. ఆయనకు చూపును వినికిడియు రెండును లేకుండెను. లూయీ బ్రెయిలు పేరు పెట్టుకొన్న ఆ భాగము నేడు లినక్సులోను విండోసులోను పనిచేయుచున్నది. తెలుగు పట్టికయు అందులో నున్నది.

మేము ఆర్కాతో పెనగులాడుచుండగా, పని యంతయు మాకంటె పండ్రెండేండ్లు ముందుగానే వేరొకరు చేసి పెట్టియుండిరని తెలిసినది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను చూపు లేని యువకుడు విండోసుకొరకు ఎన్‌వీడీఏ అను స్క్రీను రీడరును ఆరంభించెను. చూపు లేని జేమ్స్ టే అనునాయన తోడు చేరెను. అదియు ఓపెన్ సోర్సే, అదియు పైథానే. విండోసులో నడచు స్క్రీను రీడర్లు అంతవరకు ఎక్కువ వెల గలవిగా నుండెను. వారు తమ చూచువానిని విండోసు నేలమీదనే క్రొత్తగా కట్టుకొని, పలుకువానిగా ఈస్పీక్‌ను తెచ్చుకొనిరి.

దానిని ఒక యంత్రములో పెట్టి బాలుని కూర్చుండబెట్టితిమి. అంతకు ముందే, మనుష్యకంఠము రికార్డు చేసి కూర్చిన తీయని గొంతు నొకదానిని గూడ మేము సిద్ధము చేసి యుంచితిమి. పాత రేకుడబ్బా పీడ ఇక వదలినదని తెలుగువారి సంతోషము. బాలుడు తీయని గొంతును కొంత విని, వేగము పెంచి, తల యడ్డముగా ఊపెను. పిమ్మట ఈస్పీక్ పలికెను. అతడు కుర్చీలో నిటారుగా కూర్చుండి, “ఇది మన గొంతే మాస్టారూ! ఇక్కడికి కూడా వచ్చిందే!” అనెను. రెండేండ్లుగా ఏ గొంతుతో చదువుకొనెనో ఆ గొంతే అతనికి పుస్తకము, పలక, తెర. మాకు వినుటకు ఇంపుగా నున్నది అతనికి చదువుటకు పనికిరాదని మాకు అంతవరకు తోచనే లేదు. మీటల తేడా లేకపోలేదు. మొదటినుండి చివరవరకు చదువుమనుటకు ఆర్కాలో అంకెల మీటలవైపున నున్న కూడిక గుర్తు నొక్కవలెను. ఇక్కడ ఇన్‌సర్టు మీటతో క్రింది బాణమును నొక్కవలెను. ఒక వారములో అదియు సర్దుకొనెను.

ప్రధానోపాధ్యాయులుగారితో మాటలాడగా, దసరా సెలవులకు ముందటి తెలుగు పరీక్షను బాలుడు స్క్రైబు లేకుండ కంప్యూటరుమీద తానే వ్రాయుటకు వారు దయతో అనుమతించిరి. బాలుడు తల్లితో చెప్పెను. ఆమె ఊరంతయు చెప్పెను. ఇక మిగిలినది మా పదునెనిమిది పదములు. ఈ క్రొత్త యంత్రములోని గొంతు మా యూరి పేరును మరల తప్పుగా పలుకుచుండెను. పరీక్షలో అట్లుండరాదని మాకు పట్టుదల కలిగెను. బాలుడు అడుగలేదు సుమీ, మాకే కలిగెను.

మా పాత ఫైలును పెన్ డ్రైవులో తెచ్చి విండోసులోని నోట్‌ప్యాడులో తెరవగా ఫైలంతయు ఒకే పంక్తిగా కనబడెను. పదములన్నియు చేతులు పట్టుకొని వరుసగా నిలుచున్నట్లుండెను. ఇందుకొక పాతకథ గలదు. టైపుమిషనులో పంక్తి ముగిసినప్పుడు బండిని కుడికి త్రోయుట యొకటి, కాగితమును పైకి జరుపుట యొకటి, రెండు పనులు చేయుదురు గదా. తంతితో నడచు టైపుయంత్రములకు ఆ రెంటికిని వేరువేరు సంకేతములుండెడివి: 13, 10. విండోసు నేటికిని పంక్తి చివర ఆ రెంటిని వ్రాయును. యూనిక్సు వారు 10 ఒక్కటి చాలుననిరి. 13 కనబడనిచో విండోసు 7 నోట్‌ప్యాడు పంక్తి ముగిసినదని గుర్తింపదు. 2018లోనే విండోసు 10 నోట్‌ప్యాడునకు ఆ తెలివి వచ్చినది గాని మా యంత్రములకు రాలేదు. మూడు గంటలు ఇందులో గడచినవి. చెప్పుకొనుటకు సిగ్గైనను, మా విద్యార్థులకు ఉపయోగపడునని చెప్పుచున్నాము.

పరీక్షకు ముందునాటి సాయంకాలము ఓపిక నశించి అడ్డదారి త్రొక్కితిమి. చచ్చిన యంత్రములోని డిస్కు బ్రతికియే యుండెను. దానిలోని ఈస్పీక్ ఫోల్డరు నంతటిని తెచ్చి, ఎన్‌వీడీఏలో ఆ చోటనున్న ఫోల్డరుపై పరచితిమి. ఉన్నదానికి నకలు తీసి దాచలేదు. దాచకపోయినది మాలో గణితమువారా తెలుగువారా అను ప్రశ్న యింకను తేలలేదు. అంతలో కరెంటు పోయెను. వాన కురియుచుండెను. తాళము వేసి యిండ్లకు పోతిమి.

మరునాడు ఉదయము బాలుడు ఉతికిన చొక్కా తొడుగుకొని వచ్చి కూర్చుండెను. ఎన్‌వీడీఏ లేచునప్పుడు వినవచ్చు చిన్న నాదము వినబడెను. ఆపైన మాట లేదు. అతడు ఒక మీట నొక్కెను. మరియొకటి నొక్కెను. చూపు గలవారికి తెర నల్లబడుట యెట్లో, అతనికి ఆ మౌనమట్లు. గొంతు తీగ ఊడినదేమోనని హెడ్‌ఫోనును తడిమి చూచుకొనెను. మేము తెరమీద చూచుచునే యుంటిమి. ప్రశ్నపత్రము స్పష్టముగా కనబడుచునే యుండెను. మాకు కనబడుట అతనికి ఏమి యుపకారము? మరల తెచ్చి పెట్టుటకు ఇంటర్నెట్టు లేదు. పరీక్షలో ఎవరును ఆక్షేపింపకుండుటకై ముందునాడే దాని తీగను మేమే తీయించి కార్యాలయములో పెట్టి తాళము వేయించితిమి. తాళపుచెవి గల గుమాస్తాగారు పనిమీద పొరుగూరు పోయియుండిరి. పావుగంట గడచినది. ప్రధానోపాధ్యాయులుగారు మా ముఖములు చూచి, మరేమియు ననక, తొమ్మిదవ తరగతినుండి ఒక బాలుని పిలిపించిరి.

ఆ పత్రమును దిద్దినది మాలో తెలుగువారే. వ్యాసములో ఒకచోట ‘కళ’ అని యుండవలసిన తావున ‘కల’ అని యుండగా, అలవాటు చొప్పున అర మార్కు తీసివేసిరి. తిరిగి యిచ్చునాడు బాలునకు చదివి వినిపించుచు ఆ పదము కడకు వచ్చి ఆగిపోయిరి. బాలుడు, “నేను ‘కళ’ అనే అన్నాను మాస్టారూ. వాడికి ‘కల’ అని వినబడింది కాబోలు. వాడి తప్పు లేదు లెండి” అనెను. అర మార్కు కలిపితిమి. అది కలిపినందున తీరునది కాదని మా యిద్దరికిని తెలియును.

గొంతు ఏల మూగవోయెనో తరువాత తేలినది. ఈస్పీక్ లేచునప్పుడు తన ఫోల్డరులోని సంచిక సంఖ్యను చూచుకొనును. మా పాత లినక్సులోని సంచిక వేరు, ఎన్‌వీడీఏతో వచ్చిన సంచిక వేరు. సంఖ్య కలియకున్న అది పలుకుటకే నిరాకరించును. అది మొండితనము కాదు. లోపల ధ్వనుల పట్టిక సంచిక సంచికకును మారుచుండును. పాత పట్టికతో పలికినచో ఒక ధ్వనికి వేరొక ధ్వని వచ్చి అర్థము లేని కూతలు పుట్టును. తప్పు పలుకుటకంటె పలుకకుండుట మేలని వ్రాసినవారి యభిప్రాయము. తరగతిలో మా విద్యార్థులకు మేము చెప్పునదియు అదే గదా. సరియైన సంచిక మూలమును దెచ్చి, దానిలో మా పదములను చేర్చి, మొదటినుండి నిఘంటువును కూర్చుటకు దసరా సెలవులలో కూర్చుంటిమి.

సెలవులు ముగిసి, మా ఫలితమును పట్టుకొని గదిలోనికి పోవునప్పటికి యంత్రము మా యూరి పేరును చక్కగా పలుకుచుండెను. మేమింకను ఏమియు పెట్టలేదు. ఎన్‌వీడీఏలోనే ఉచ్చారణ నిఘంటువు అను పట్టిక యొకటి కలదట. ఒకవైపు పదమును, రెండవవైపు ఎట్లు పలుకవలెనో దానిని వ్రాసిన చాలును; ఫోల్డర్ల జోలికి పోనక్కరలేదు. బాలుడు మెనూలను ఒక్కొక్కటిగా తడవుచు దానిని కనుగొని, జ్ఞాపకమునుండి మా పదములను ఎక్కించుకొనెను. “మీరు కష్టపడుతున్నారని చెప్పలేదు” అనెను. మా పెన్ డ్రైవును జేబులోనే ఉంచుకొంటిమి.

ఫిబ్రవరిలో జరిగిన పాఠశాల పరీక్షను అతడు తానే వ్రాసెను. నాలుగు వర్ణక్రమదోషములు. అందులో ఒకటి దోషము కాదని మాతో వాదమునకు దిగి, శబ్దకోశము తెప్పించి గెలిచెను. మార్చిలో పబ్లికు పరీక్షకు మాత్రము నిబంధనల ప్రకారము స్క్రైబే వచ్చెను.

పాఠశాలను విడిచిపోవు దినమున, కాలేజీలో పనికివచ్చునని అతని నిఘంటువు ఫైలును పెన్ డ్రైవులో నకలు తీసితిమి. ఈ మారు రెండు నకళ్లు. తీయుచు ఒకసారి తెరచి చూడగా పందొమ్మిది పదములుండెను. పందొమ్మిదవది ఒక స్త్రీ పేరు. అది మా పట్టికలో లేనిది. ఎవరిదని యడిగితిమి. “మా అమ్మది మాస్టారూ” అనెను. మూడేండ్లు ఆమెను దినమును గుమ్మము కడ చూచుచుంటిమి గాని పేరడిగి యెరుగము.

ఆ సాయంకాలము ఆమె వచ్చినప్పుడు లోనికి పిలిచి కుర్చీ వేసితిమి. బాలుడు యంత్రముచేత ఆ పేరును పలికించెను. తన యలవాటు వేగముననే పలికించెను గనుక ఆమెకు ఏమియు తెలియలేదు. వేగము తగ్గించి మరల పలికించెను. ఆమె తన పేరు పోల్చుకొని నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వి, “అంత తొందరగా పిలిస్తే నేనెట్లా పలుకుతానురా” అనెను.